మూత, ముక్కు, మైలుతుత్తం

నువ్వేం ఉద్యోగం చేస్తున్నావని మావాళ్ళు అడిగితే చాలాకాలం "ఫుడ్ ల్యాబ్‌లో" అని చెప్పి ఊరుకున్నాను. అది అబద్ధమేమీ కాదు, ద్రాక్ష తినే వస్తువే కదా. కానీ శాంటా క్లారా తెలుగువాళ్ళలో ఏ గుట్టయినా, తలా ఒక వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌లు రెండు దాటి బతకదు. మూడో పాట్‌లక్‌లో నేను పప్పుచారు గిన్నె బల్ల మీద పెడుతుంటే ఒకావిడ నా చెవి దగ్గరకు వచ్చింది. వరసకి ఏమీ కాకపోయినా ఊళ్ళో ఆడవాళ్ళందరినీ వదినా అని పిలిచే మనిషి.

"నిజమేనా వదినా, నువ్వు రోజూ వైన్ తాగి జీతం తీసుకుంటావట?"

"తాగను, ఉమ్మేస్తాను," అన్నాను. "ఉమ్మినందుకే జీతం. మింగితే ఉద్యోగం ఊడుతుంది."

ఆవిడకి నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక పెరుగన్నం వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మావారిని స్నేహితులు కనిపించినప్పుడల్లా ఏడిపించడం మొదలుపెట్టారు, తాగాక ఎవరు ఎవరిని ఇంటికి మోసుకొస్తారని. ఆయన నవ్వి ఊరుకునేవారు. నేను ఊరుకునే రకం కాదు కాబట్టి వాళ్ళు నా ముందు అడిగేవారు కాదు.

నాకు వైన్ మీద మోజేమీ లేదు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళి చేసుకుని, భర్త వీసాకి తోకలా ఈ దేశం వచ్చాను. పని చేయడానికి అనుమతి లేక కొన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. ఆ ఏళ్ళలో నేను సాధించిందల్లా, ఎవరు ఏం మాట్లాడినా దానికి ఎదురు మాట్లాడే నేర్పు. కాగితాలు వచ్చాక, పట్నానికి పడమట కొండల మీదున్న ఒక చిన్న వైనరీలో టైట్రేషన్లు చేయడానికి మనిషి కావాలంటే వెళ్ళాను. పులుపెంత, గంధకం ఎంత, ఆల్కహాల్ ఎంత అని కొలిచి చెప్పడమే పని. రుచితో నాకు సంబంధం లేదు.

ఒకరోజు రుచి చూసే బృందంలో మనిషి తక్కువై నన్ను కూర్చోమన్నారు. గ్లాసు చేతికిచ్చారు. నా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో అంచు పెదవికి తగిలితే ఎంగిలి. అలవాటుగా తల వెనక్కి వాల్చి, గ్లాసు ఎత్తి, నోట్లోకి ధారగా పోసుకున్నాను. సగం నోట్లో పడింది, సగం తెల్ల చొక్కా మీద. అక్కడ వైన్ తయారుచేసే పెద్దాయన, ఆ కొండ మీదే జుట్టు నెరిసిన మనిషి, వైన్‌ని ఇలా మొక్కకి నీళ్ళు పోసినట్టు పోసుకునేవాళ్ళని ఎప్పుడూ చూడలేదన్నాడు. ముక్కు గ్లాసులో పెట్టకపోతే ఇంక రుచేమిటన్నాడు. "సరే, ముందు ముక్కు పని, తర్వాత నోటి పని. రెండూ ఒకేసారి ఎందుకు?" అన్నాను. మాటకి మాటగా అన్నదే. కానీ అదే నా పద్ధతి అయింది. మిగతావాళ్ళు ఒక గుక్క తాగి ఆలోచిస్తుంటే, నేను గ్లాసు నోటిదాకా తేకుండా వాసన మీదే కూర్చునేదాన్ని. అలా కూర్చుంటే తెలిసింది, నాకు మంచి ముక్కు ఉందని. కార్క్ చెడి వైన్‌కి పట్టే మురుగు వాసన ఒకటి ఉంటుంది. దాన్ని వాళ్ళు తడిసిన అట్టపెట్టె అంటారు, నేను నానిన గోనెసంచి అన్నాను. అది అందరికంటే ముందు నాకే తగిలేది. పెద్దాయన నా ముఖం చూసి తన గ్లాసు పక్కన పెట్టేసేవాడు. ఈ దేశంలో ఒకరి భార్యగా, ఒకరి తల్లిగా కాక నాకంటూ దొరికిన కుర్చీ అదొక్కటే.

మా అమ్మాయి ఎలిమెంటరీ స్కూల్లో ఉండగా మొదలైంది మూతల పరీక్ష. ఒకే తొట్టెలోని ఎర్ర వైన్‌ని, ఒకే రోజున, నాలుగు రకాల మూతల కింద సీసాల్లో నింపారు. చెట్టు బెరడు నుంచి కోసిన అసలు కార్క్, కార్క్ పొడిని శుభ్రం చేసి జిగురుతో అచ్చుపోసిన కార్క్, ప్లాస్టిక్ కార్క్, తిప్పి తీసే స్క్రూ క్యాప్. ఏటా ఒక్కో రకం నుంచి సీసాలు తీసి, ఏది ఏదో చెప్పకుండా గ్లాసుల్లో పోసి మా ముందు పెడతారు. పదో ఏడు చివరిది. ఆ రోజు వచ్చిన మార్కుల్ని బట్టి, ఏళ్ళ తరబడి దాచుకునే ఖరీదైన వైన్‌కి ఏ మూత వేయాలో వైనరీ యజమానురాలు తేలుస్తుంది.

పెద్దాయనది అసలు కార్క్ పక్షం. నాది స్క్రూ క్యాప్ పక్షం. కార్క్ ఊపిరి పీలుస్తుంది, ఆ కాస్త గాలి లేకపోతే వైన్ పక్వానికి రాదు అనేవాడాయన. మా ఆవకాయ జాడీ గురించి చెప్పాను. జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టేది లోపలిదానికి గాలి ఆడాలని కాదు, ఈగలు పడకూడదని. గాలిని ఆపేది పైన తేలిన నూనె. నూనె తగ్గి ముక్క పైకి తేలిందా, బూజే. గాలి లేకుండానే ముక్క ఊరుతుంది, ఎరుపెక్కుతుంది, మెత్తబడుతుంది. ఊరడానికి కావలసింది కాలం, గాలి కాదు. ఆయన ఓపికగా విని, ఊరగాయని పదేళ్ళు ఉంచుతారా అని అడిగాడు. మా ఇంట్లో ఆవకాయ పది నెలలు కూడా నిలవదు, ఎందుకంటే అది బాగుంటుంది, అన్నాను. బృందమంతా నవ్వారు. కానీ ఆయన అన్నదాంట్లో పస ఉందని నాకూ తెలుసు. గాలి బొత్తిగా తగలకపోతే స్క్రూ క్యాప్ కింద గంధకం తాలూకు కంపు ఒక్కోసారి చిక్కుకుపోతుంది. ఆర్పిన అగ్గిపుల్ల, కాలిన రబ్బరు వాసన. అది మూత తప్పు కాదు, సీసాల్లో నింపేటప్పుడు చేసిన తప్పు అని ఏటా వాదించేదాన్ని. ఏటా నా స్క్రూ క్యాప్ గ్లాసు శుభ్రంగానే ఉండేది. ప్లాస్టిక్ మాత్రం నాలుగైదేళ్ళకే చేతులెత్తేసింది. దాని పక్క నుంచి గాలి దూరి, వైన్ కోసిపెట్టిన ఆపిల్ ముక్కలా రంగు మారింది.

పదో ఏడు నాకు జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో లోకంలో అందరికీ వచ్చినదే, వారంలో తగ్గింది. తగ్గిన తర్వాతి శనివారం, కాలేజీ నుంచి ఇంటికొచ్చిన అమ్మాయి కోసం పప్పులో తాలింపు పెడుతున్నాను. అది హాల్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, సమ్‌థింగ్ ఈజ్ బర్నింగ్."

"ఏమీ లేదు. ఇంగువ వేశాను."

"నో అమ్మా, చూడు. మొత్తం బ్లాక్ అయిపోయింది. నీకు స్మెల్ రావట్లేదా?"

గరిటెలో ఆవాలు, మిరపకాయలు, ఇంగువ కలిసి బొగ్గయ్యాయి. పొగ కళ్ళకి తగులుతోంది, ముక్కుకి తగలడం లేదు. మాట్లాడుతూ పరాకున పడ్డానని అమ్మాయితో అన్నాను. నేను మాట్లాడలేదని దానికీ తెలుసు. అది కిటికీ తెరిచి, ఇంగువ డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. ఇంగువ డబ్బా! పక్కింటివాళ్ళు కూడా ఫిర్యాదు చేసే వాసన. నాకు ఉత్త డబ్బా పెట్టినట్టుంది.

కొన్ని వారాలకి వాసన తిరిగి వచ్చింది, కానీ వంకరగా వచ్చింది. మొదట దొరికిపోయింది కాఫీ. ఒక పొద్దున గ్లాసు అందుకుంటే టైరు తగలబెట్టిన కంపు. పొడి బాగాలేదని మావారి మీద ఎగిరాను. ఆయన ఇంకో రకం తెచ్చారు. అదీ రబ్బరే. పాలు మార్చాను. ఫిల్టర్ పారేసి కొత్తది కొన్నాను. చివరికి ఆయనకే విసుగొచ్చింది. ఆయనది కరీంనగర్, కోపమొస్తే మాటలో ఆ ఊరు బయటికొస్తుంది.

"పొడి మారలే, పాలు మారలే. నీ ముక్కు మారింది. నా మీద ఒర్లుడు ఆపి డాక్టర్‌కి చూపించుకో."

డాక్టరు నింపాదిగా, జ్వరం తర్వాత చాలామందికి ఇలా అవుతుందనీ, లవంగం, నిమ్మతొక్క లాంటివి రోజూ వాసన చూస్తూ ముక్కుకి మళ్ళీ నేర్పాలనీ చెప్పాడు. ఎప్పటికి వస్తుందని అడిగాను. రావచ్చు, సగమే రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఇంత చదువు చదివి చెప్పేది ఇదా అన్నాను. మావారు నా మోచేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు.

కారులో కూర్చున్నాక పోయిందేమిటో లెక్క వేసుకున్నాను. అరవై దాటాక పోతే పోనీ అనుకునేదాన్నేమో. నాకింకా అంత వయసు రాలేదు. టైట్రేషన్లు ఎవరైనా చేస్తారు, ఇవాళ మిషన్లే చేస్తున్నాయి. ఆ కొండ మీద నన్ను నన్నుగా కూర్చోబెట్టింది ముక్కు. అది పోతే ఆ కుర్చీ పోతుంది. లవంగాలు, నిమ్మతొక్క, కర్పూరం, ధనియాలు చిన్న సీసాల్లో పోసుకుని ఉదయం సాయంత్రం ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. కర్పూరం చల్లగా తగిలేది, అంతే. అది వాసన కాదు, చలి.

పెద్దాయనకి ముందే చెప్పాను, నా ముక్కు సరిగా లేదని. చివరి ఏడు కదా, మొదటి నుంచి అన్నిసార్లూ కూర్చున్నది నువ్వూ నేనే, వచ్చి కూర్చో, ఆలోగా అదే బాగవుతుంది అన్నాడు. బాగవుతుందని నాకూ నమ్మాలని ఉంది. కూర్చున్నాను.

ఆ రోజు నా ముందు నాలుగు గ్లాసులు పెట్టారు. మొదటిదాని అంచు ఇటుకపొడి రంగులో ఉంది. ప్లాస్టిక్ అని కళ్ళున్న ఎవరైనా చెప్పగలరు, ముక్కు అక్కరలేదు. రెండోది, మూడోది పట్టుకుంటే దూరంగా, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు ఏదో తీపి. దానికి పేరు పెట్టలేకపోయాను. పేరు పెట్టలేకపోవడం నాకు కొత్త. నాలుగో గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చాను. కాలిన రబ్బరు.

గ్లాసు కింద పెట్టాను. మళ్ళీ ఎత్తాను. రబ్బరే.

బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడటం లేదు, మార్కులు వేసేదాకా మాట్లాడకూడదని నియమం. స్క్రూ క్యాప్ కింద రబ్బరు కంపు రావచ్చని పెద్దాయన పదేళ్ళుగా అంటున్నాడు. అది ఇవాళ వచ్చి ఉంటే, నాలుగో గ్లాసు నా పక్షమే. నిజాయితీగా మార్కు వేస్తే నా వాదాన్ని నేనే పడగొట్టాలి. కానీ ఇదే రబ్బరు నాకు రోజూ కాఫీలో వస్తోంది. ఇది నా ముక్కు చేస్తున్న పనైతే, ఏ పాపం ఎరగని వైన్‌కి కంపు అంటగట్టినదాన్నవుతాను. పోనీ వాసన లేదని రాస్తే? ఉన్నదాన్ని దాచానంటారు, నా పక్షమని వెనకేసుకొచ్చానంటారు. అనకపోయినా నేనైతే అనుకుంటాను. ఎదుటివాళ్ళతో వాదన ఎప్పుడూ ఇంత కష్టంగా లేదు. ఇక్కడ నాకు ఎదురు కూర్చున్నది నా ముక్కే, అది అబద్ధమాడుతోందో నిజం చెప్తోందో అడగడానికి ఇంకో ముక్కు లేదు.

లేచి ల్యాబ్‌లోకి వెళ్ళి మైలుతుత్తం కలిపిన నీళ్ళ సీసా తెచ్చాను. మనవైపు చేలల్లో తెగుళ్ళకి కొట్టే మైలుతుత్తమే, నీలంగా ఉంటుంది. గంధకం కంపు ఉన్న వైన్‌లో ఒక చుక్క వేసి తిప్పితే అందులోని రాగి ఆ కంపుని పట్టి కట్టేస్తుంది, వాసన పోతుంది. తర్వాత దాన్ని తాగకూడదు, వాసన చూసి పారబోయడమే. వాసన పోతే తప్పు వైన్‌ది. పోకపోతే తప్పు నా ముక్కుది. ఇంతకంటే సూటైన పరీక్ష లేదు.

ఏం చేస్తున్నావని పెద్దాయన గొంతు తగ్గించి అడిగాడు. మాట్లాడకూడదని గుర్తుచేశాడు. మాట్లాడటం లేదు, కొలుస్తున్నాను అన్నాను. చుక్క వేశాను. గ్లాసు తిప్పాను. కాసేపు ఆగి ముక్కు పెట్టాను.

రబ్బరు. రవ్వంత కూడా తగ్గలేదు.

ఆ క్షణంలో నాకు బాధకంటే ముందు మనసు తేలికపడ్డ మాట వాస్తవం. వైన్ శుభ్రంగానే ఉంది, నా మూత గెలిచింది, పోయింది నా ముక్కు ఒక్కటే అనుకున్నాను. నియమం సంగతి వదిలేసి అందరికీ వినబడేలా చెప్పాను, నాకు వాసన సరిగా తెలియడం లేదు, నాలుగో గ్లాసులో లేని కంపు నాకు వస్తోంది, నా మార్కులు లెక్కలోకి తీసుకోవద్దు అని.

పెద్దాయన చెయ్యి చాచి నా గ్లాసు తీసుకున్నాడు. వాసన చూశాడు. మైలుతుత్తం పడని తన నాలుగో గ్లాసు ఎత్తి వాసన చూశాడు. మళ్ళీ నాది. మళ్ళీ తనది. ఆ గ్లాసుల్ని పక్కవాళ్ళకి అందించాడు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నాది కంపు కొడుతోంది," అన్నాడాయన మెల్లగా. "నీది శుభ్రంగా ఉంది."

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వైన్‌లో కంపు నిజంగానే ఉంది. నా చుక్క దాన్ని తీసేసింది. తీసేసిన సంగతి గదిలో అందరికీ తెలిసింది, నాకు తప్ప. గుడ్డెద్దు చేలో పడ్డట్టు నా ముక్కు పోయి పోయి నిజం మీద పడింది. నా వాదమూ ఓడింది, నా ముక్కూ ఓడింది, ఒక్క చుక్కతో.

మూతల పేర్లు బయటపెట్టారు. నాలుగోది స్క్రూ క్యాప్. రెండోది అసలు కార్క్, దానికే అందరూ ఎక్కువ మార్కులు వేశారు. పెద్దాయన నన్ను వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బాగుండేది, నాకు అలవాటైన దారి. గెలిచిన ఆనందం దాచుకోలేక మాత్రం అదే రకంలో ఇంకో సీసా తెప్పించి కార్క్ లాగి అందరికీ పోశాడు. నేను అలవాటు కొద్దీ ముక్కు పెట్టాను. ఏమీ లేదు. తల ఎత్తేసరికి ఎవరూ తాగడం లేదు. పెద్దాయన గ్లాసు దూరంగా జరిపాడు. అట్టపెట్టె వాసన అని ఎవరో అన్నారు. ఒక సీసా అమృతం, దాని పక్క సీసా మురుగు. అది ఆయన మూత గుణం. ఇదివరకైతే ఆ మాట అందరికంటే ముందు నేను అనేదాన్ని, అని ఆయన్ని వారం రోజులు నిద్రపోనిచ్చేదాన్ని కాదు. ఆ రోజు మిగతావాళ్ళ ముఖాలు చూసి తెలుసుకున్నాను.

పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చినట్టు, యజమానురాలు జిగురు కార్క్ ఎంచుకుంది. దాని తరఫున పదేళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. అది అమృతమూ కాదు, మురుగూ కాదు. ప్రతి సీసా పక్క సీసాలాగే ఉంది. అమ్ముకునేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

మర్నాడు పెద్దాయన నన్ను పిలిచాడు. బృందంలోకి కొత్త మనిషిని తీసుకుంటున్నారనీ, ల్యాబ్‌లో నా పనికి ఏ ఢోకా లేదనీ చెప్పాడు. ఇలాంటివి చెప్పడం ఆయనకి చేతకాదు, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "ఈ ఏడు నేను వేసిన మార్కులు కొట్టేయండి," అన్నాను. "ముందు ఏళ్ళవి ముట్టుకుంటే మాత్రం ఊరుకోను. అవి నేను బాగున్నప్పుడు వేసినవి." ఎవరూ ముట్టుకోరన్నాడు. రాసిమ్మన్నాను. రాసిచ్చాడు.

ఇంటికెళ్ళి మావారికి చెప్తే, పోనీలే, జీతం అదే కదా అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

ఈ చలికాలం ఇంకో పరీక్ష మొదలైంది. మూత లోపలి పొర కొంచెం గాలిని రానిచ్చే రకం స్క్రూ క్యాప్‌ని ఇందులో చేర్చాలని పట్టుబట్టింది నేనే. ఏ సీసాలు ఎప్పుడు తీయాలో, ఎలా నింపాలో, గంధకం ఎంత ఉండాలో అన్నీ నేనే రాశాను. సీసాలు నింపే రోజు మిషన్ పక్కనే నిలబడి, మూత పడ్డ ప్రతి వరసనీ చేత్తో తిప్పి చూశాను, వదులుగా ఉందేమోనని. లవంగం సీసా ఇంకా రోజూ ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాను. ఒక్కోరోజు ఏదో ఘాటు తగిలినట్టుంటుంది. ఇంకోరోజు మళ్ళీ రబ్బరు. ఈ సీసాలు తెరిచేనాటికి కొత్తగా వచ్చిన పిల్ల నా కుర్చీలో కూర్చుని, ముక్కు పెట్టి, లోపల ఏముందో చెప్తుంది. ఆ పిల్ల చెప్పింది నేను నమ్మాలి. ఎవరి మాటా నమ్మి ఎరగని దాన్ని, అదెలా చేస్తారో నాకు తెలియదు.